ఆకు రాలిన చెట్టు

సువార్తకు,

జైల్లో బాగానే ఉన్నాను, ఎవరూ కొట్టలేదు. ఈ కార్డు వకీలుకు చదివి వినిపించు.

షుగరుకని నాయన నీళ్ళు పోసుకుని తాగే వేగిస చెక్క గ్లాసు నుంచి నీళ్ళలోకి రంగు దిగడం లేదు కదా, కొత్త చెక్క కోసమే కొండెక్కాను. ఎర్రచందనం, వేగిస ఒకే జాతివి. రెండింటికీ పూలు పసుపే, గాటు పెడితే రెండూ ఎర్రగానే కారతాయి. రెమ్మకు మూడాకులుంటే చందనం, ఐదో ఏడో ఉంటే వేగిస. ఎండలకు ఆకంతా రాలిపోయి నేను పోల్చుకోలేకపోయాను. చిన్న మాను నరికాక చూస్తే, పసుపుగా ఉండాల్సిన లోపలి చేవ ముదురు ఎరుపుగా ఉంది. అప్పటికే ఫారెస్టు గార్డు వచ్చేశాడు.

"వేగిస దేశంలో నానా చోట్లా ఉండాదప్పా. ఇది మన కొండల్లో తప్ప యాడా లేదు, అదీ అంతరించిపోతా ఉండాది. తెలీక కొట్టినానంటే కోర్టు ఇడ్సిపెట్టదు" అన్నాడు.

పాపకు జ్వరం తగ్గిందా? మేకలను ఎవరు తోలుతున్నారు? నాయన అడిగితే పాకాలలో పనికి పోయానని చెప్పు. దుప్పటి ఒకటి పంపు.

వానలకు ఆ మొద్దు చిగురేస్తుంది. చేవ రంగు నా కళ్ళతో చూశాను, అయినా అడుగుతున్నాను. ఐదాకులు రావాలని చర్చిలో అందరిచేతా ప్రార్థన చేయించు.

జోయల్