ఎర్రగట్టు గూబలు

లింగంపల్లి,
ఆదివారం.

ప్రియమైన దేవిశ్రీ అక్కకు,

చెల్లి వర్షిత ప్రేమతో రాస్తున్నది. ఇక్కడ అమ్మ, నేను బాగానే ఉన్నాం. అడవిలో నువ్వూ, నీ గుడ్లగూబలూ చల్లగా ఉన్నారనుకుంటాను. నీ ఫోన్ ఎలాగూ కలవదు. వాట్సాప్‌లో ఒంటి టిక్కును చూసి చూసి విసుగొచ్చి కాగితం పట్టాను. శనివారం శ్రీనన్న జీపు క్యాంపుకు సరుకులు తెచ్చినప్పుడు బియ్యం మూటతో పాటు ఇదీ అందుతుంది. కారప్పూస డబ్బా కూడా పంపుతోంది అమ్మ, శ్రీనన్న దారిలో ఖాళీ చెయ్యకపోతే నీ అదృష్టం.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. అమ్మ మోకాలు నొప్పి తగ్గింది, నోరు మాత్రం తగ్గలేదు. ఇంటి ఓనరు మన నెత్తి మీద ఇంకో అంతస్తు లేపుతున్నాడు, పొద్దంతా డ్రిల్లింగ్ మోతే. కిరాయి పెంచుతాడేమోనని అమ్మ పరేషాన్. నా ఉద్యోగం బాగుంది. రోజూ ఎంఎంటీఎస్ ఎక్కి హైటెక్ సిటీలో దిగుతాను. పన్నెండో అంతస్తులో ఏసీ చలికి తట్టుకోలేక, అడవిలో వేసుకున్న ఆ మసి స్వెటరే తొడుక్కుని కూర్చుంటున్నాను. ఎన్నిసార్లు ఉతికినా పొయ్యి పొగ వాసన పోలేదు. పోవద్దనే నాకూ ఉంది.

నా కిటికీలోంచి చూస్తే అన్నీ అద్దాల మేడలే. వాటి మధ్య పగలగొట్టకుండా వదిలేసిన ఒక్క రాతి గుండు ఉంది. దాని పగుళ్ళలో రెట్ట మరకలేమైనా ఉన్నాయేమోనని రోజూ వెతుకుతాను. ఏం చెయ్యను, అలవాటు! చలికాలం మొదలైతే చాలు, అడవిలో గూబల లెక్కకు మనిద్దరం సంచులు సర్దుకునేవాళ్ళం. అయిదు చలికాలాలు అక్కా! ఆడపిల్లలు గూబల వెంట తిరగడమేంటని అమ్మ సణిగేది, సణుగుతూనే మఫ్లర్లు కొని పెట్టేది. మొదటి ఏడాది గూబ కూత వినగానే నేను నీ కొంగు పట్టుకున్నానని క్యాంపు అంతా చెప్పావు. అది కొంగు కాదు, చున్నీ. ఇప్పటికైనా సరిగ్గా చెప్పు.

అన్నిటికంటే ఎక్కువ గుర్తొచ్చేది మన చేతులు చూపే పద్ధతి. పొద్దు గుంకాక స్పీకర్‌లో గూబ కూత వినిపించి ఆపేయడం, కళ్ళు మూసుకుని ఊపిరి బిగబట్టి నిలబడటం, జవాబు రాగానే ఎవరికి వినిపించిన వైపు వాళ్ళు చెయ్యి చాచడం. అందరూ చాచాకే కళ్ళు తెరవాలి. తెరిచాక ఎవరూ చెయ్యి కదపకూడదు. మనిద్దరి చేతులూ ఒకేవైపు ఉంటే ఎంత సంబరపడేదానివో!

నా చెవి అంటే మన ఇంట్లో అందరికీ గొప్పే. నాన్న ఉన్న రోజుల్లో బాలానగర్ ఫ్యాక్టరీ నుంచి వస్తుంటే, రెండు గల్లీల అవతలే ఆయన స్కూటర్ చప్పుడు పట్టేదాన్ని. నువ్వు ఒక్క ఉరుకులో టీవీ కట్టేసి పుస్తకం తీసేదానివి. నాన్న టీవీ మీద చెయ్యి పెట్టి చూసి, వెచ్చగా ఉన్నా నవ్వి ఊరుకునేవాడు.

ఇక ఎర్రగట్టు సంగతి. మూడు వారాలుగా ఎడమ వాలంతా గాలించినా గూబల జంట జాడ లేదని రాశావు. ఈ నెలాఖరుకు దొరక్కపోతే అటవీ శాఖకు లేవని రాసివ్వాలని, అప్పుడు ఆ గట్టు చెట్లు కొట్టే కూపులో కలిసిపోతుందని రాశావు. చివరి వారమైనా సెలవు పెట్టి రమ్మన్నావు, నీ చెవి కావాలి అన్నావు. ఆ ముక్క చదివి బాత్రూంలో నల్లా తిప్పి ఏడ్చాను అక్కా.

ఈసారి నువ్వు బయల్దేరేటప్పుడు, ఆఫీసులో సెలవు ఇవ్వలేదని నీకు చెప్పాను. నేను అడగనే లేదు. నా కుడి చెవి పోయింది.

ఎప్పుడు పోయిందో నాకూ తెలియదు. ఆఫీసులో నా కుడిపక్క కూర్చునే ప్రశాంత్ పిలిచినప్పుడల్లా నేను ఎడమవైపు తిరుగుతున్నానట. "ఇటున్న మేడం, ఇటు! నేనంటే అంత కోపమా?" అన్నాడు ఓ రోజు. నవ్వేశాను గానీ, ఆ సాయంత్రమే ఎడమ చెవి మూసుకుని చూసుకున్నాను. దవాఖానకు వెళ్తే నరం దెబ్బతిందన్నారు, ఏడాది పైనే అయి ఉంటుందని, ఇక తిరిగి రాదని చెప్పారు. ఒక్క చెవితో వినేవాళ్ళకు చప్పుడు వినిపిస్తుందట, ఎటునుంచో తెలియదట. అన్నీ వినిపించే చెవి వైపు నుంచే వచ్చినట్టు ఉంటాయట.

అమ్మకు చెబితే, "గూబల ఎంట తిరిగి తిరిగి గూబ పోగొట్టుకున్నవా బిడ్డా!" అని నవ్వింది, వెంటనే నన్ను దగ్గరికి లాక్కుని ఏడ్చింది. "అక్కకు చెప్పినవా? జర తొందరగ చెప్పు. నువ్వు చెప్పకపోతే ఇగ నేనే శ్రీనుతోని కబురంపుత" అంటోంది.

నీకు చెబితే ఇక నన్ను అడవికి పిలవవేమోనని భయపడ్డాను. కానీ ఎడమ వాలు అని నీ ఉత్తరంలో చదవగానే భయమంతా వేరే వైపు తిరిగింది. పోయినేడు ఎర్రగట్టు మీద చివరి రోజు గుర్తుందా? గూబ పలికింది. కళ్ళు తెరిచేసరికి నా చెయ్యి ఎడమకు, నీ చెయ్యి కుడికి, వాగు అవతలి ఇప్పచెట్ల వైపు. నువ్వు ఒక్క క్షణం నన్ను చూశావు. "నీకే బాగా వినపడుతది లే" అని నీ చెయ్యి దించి నావైపు తిప్పేశావు. ఎడమ వాలు అని రాసుకున్నాం. అయిదేళ్ళలో నువ్వు చెయ్యి కదిపింది ఆ ఒక్కసారే.

అక్కా, ఎడమ వాలు వదిలెయ్. రేపే వాగు దాటు. ఇన్నాళ్ళూ నా చెవిని నమ్మావు, ఈసారికి నీ చెయ్యిని నమ్ము.

ఇట్లు,
కుడివైపు నుంచి పిలిస్తే ఎడమకు తిరిగే
నీ చెల్లి,
వర్షిత