బాగున్నారా అని అడగడం మానేశాను

న్యూ టౌన్, కోల్‌కతా

అక్కకీ బావకీ నమస్కారాలు. మీ అత్తగారి మోకాలి నొప్పి తగ్గిందా? చంటిది ఏడవకుండా బడికి వెళ్తోందా? నేనిక్కడ క్షేమం అని మొదలుపెట్టబోయి కలం ఆపాను. ఎందుకో నెమ్మదిగా చెప్తాను. ఫోనులో అయితే ‘బాగున్నాను’ అని నోరు దానంతటదే అనేస్తుంది. అందుకే కాగితం పట్టుకున్నాను.

వానలు వదలడం లేదు. ఉతికిన బట్ట ఆరదు, గోడలంతా బూజు. మెస్సులో అన్నిటికీ ఆవనూనే. మొదట్లో ముక్కు మూసుకుని తిన్నాను, ఇప్పుడు ముక్కు తెరిచి తింటున్నాను, అంతే తేడా.

నా పనేమిటో నీకు ఎప్పుడూ సరిగ్గా చెప్పలేదు. మా ఆసుపత్రిలో దుమ్ము ఎలర్జీకి కొత్త మందు పరీక్షిస్తున్నారు. రోజూ నాలుక కింద చుక్కలు వేసుకోవాలి. కొందరికి అసలు మందు, కొందరికి మందు లేని చుక్కలు. ఎవరికి ఏది వెళ్తోందో వాళ్లకీ తెలియదు, మాకూ తెలియదు. ఖిదిర్‌పూర్ ఓడరేవు దగ్గరుండే మన శ్రీకాకుళం వాళ్లు చాలామంది ఇందులో చేరారు. వాళ్లతో తెలుగులో మాట్లాడటానికే నన్ను తీసుకున్నారు. మందు వేసుకున్నాక ఏ ఇబ్బంది కలిగినా, ఎంత చిన్నదైనా, అడిగి రాయాలి. అది మందు వల్ల వచ్చిందా కాదా అన్నది తర్వాత డాక్టర్లు తేలుస్తారు.

వాళ్లలో సూరమ్మ పిన్ని ఒకావిడ. మనకు చుట్టం కాదు, పిలుపు అలా కుదిరిపోయింది. ఏళ్ల తరబడి పొద్దున్న లేస్తే ఆవిడకి తుమ్ములే. ఈ ఊళ్లో నాకు చేపల పులుసు మన రుచిలో పెట్టేది ఆవిడొక్కతే. ఆసుపత్రికి వచ్చినప్పుడల్లా ‘బాగున్నావా పిన్నీ?’ అనేదాన్ని. ‘బాగున్నానమ్మా, నాకేటి’ అనేది. ఇబ్బందులేమీ లేవని రాసేసేదాన్ని. ఆ ప్రశ్నకి లేదని జవాబు చెప్పేవాళ్లని మనవాళ్లలో ఎప్పుడైనా చూశావా? లోపల జ్వరంతో మనిషి మూలుగుతున్నా గుమ్మంలో బాగున్నామనే అంటాం.

పోయిన నెల ఓ ఆదివారం భోజనానికి రమ్మంది. నా ఎదుటే చుక్కలు వేసుకుంది. కాసేపటికి చెంగుతో నోరు కప్పుకుంది. చెంగు తీయించి చూస్తే పెదాలు ఉబ్బి ఉన్నాయి.

“ఏటిది పిన్నీ?”

“ఏటీ లేదమ్మా. మందేసుకుంటే నోరు దురదెడతాది. పెదాలు పొంగుతాయి. కాసేపుంటాది, పోతాది. మొన్న గొంతు కూడా పట్టేసింది. నీలు తాగినాను, సర్దుకుంది.”

“మరి నాకెందుకు చెప్పలేదు?”

“నువ్వు బాగున్నావా అన్నావు, బాగున్నానన్నాను. అయినా నువ్వెట్టిన మందుకి వంక ఎలాగ సెప్పీది? నీకు మాటొస్తాది కదా.”

గొంతు పట్టేయడం ప్రాణం మీదకి తెచ్చే సంగతి, అక్కా. వెంటనే మా డాక్టరు దీదీకి ఫోన్ చేసి, పిన్నిని టాక్సీలో ఎక్కించి తీసుకొచ్చాను. గండం గడిచింది. మందు మాత్రం మాన్పించేశారు. దీదీ నన్ను తిట్టలేదు. అందరినీ మళ్లీ అడుగు, వేరేలా అడుగు అన్నారంతే. తిట్టినా బాగుండేది.

అప్పటినుంచి ఖిదిర్‌పూర్ బస్సుల్లోనే నా బతుకు. ఇప్పుడు ఎవరినీ బాగున్నారా అని అడగను. చుక్కలు వేసుకున్నాక నోట్లో ఎలా ఉంటుంది, గొంతులో ఎలా ఉంటుంది, కడుపులో ఎలా ఉంటుంది అని ఒక్కొక్కటే అడుగుతాను. ఎంతమందికి దురదలున్నాయో! అందరూ నా మీద జాలిపడి దాచుకున్నవాళ్లే. ఒక తాతయితే నోరు విప్పాక ఆగలేదు, కుళాయి నీళ్ల మీదా కోడలి మీదా ఫిర్యాదులు కూడా రాసుకోమన్నాడు. నవ్వడానికి కూడా ఓపిక లేకపోయింది.

అన్నట్టు, నీ దద్దుర్లకి వేసుకుంటున్న మాత్రతో మత్తుగా ఉంటోందన్నావు, వెంటనే ‘అబ్బే, బాగానే ఉన్నాను’ అన్నావు. దయచేసి ఆ మత్తు సంగతి డాక్టరుకి చెప్పు. వచ్చేవాళ్లెవరైనా ఉంటే పండుమిరప పచ్చడి కొంచెం పంపు.

నిన్న పిన్నిని చూడటానికి వెళ్లాను. నేనేమీ అడగకముందే అంది: “బాగులేనమ్మా. తుమ్ములు మల్లీ మొదలైనాయి. ఆ మందుతోటి కొంచెం తెరిపిగుండీది, అదీ పోయింది.” ఆవిడ నిజం చెప్పినందుకు సంతోషించాలో, ఆ నిజానికి ఏడవాలో తెలియలేదు. పిన్ని నా మొహం చూసి, “నువ్వెలాగున్నావు?” అంది.

“బాగున్నాను పిన్నీ.”

“నాలాగే సెప్తన్నావు” అంది.

అందుకే రాస్తున్నాను. అక్కా, నేను బాగులేను. జబ్బేమీ లేదు, భయపడకు, అమ్మకి చెప్పకు. అలసిపోయాను. అన్నం సయించడం లేదు, మాట్లాడే తోడు లేదు. పిన్నికి గొంతు పూర్తిగా మూసుకుపోయి ఉంటే అన్న ఆలోచన ఏ పనిలో ఉన్నా వదలదు.

బావకీ, మీ అత్తగారికీ నా తరఫున దండం పెట్టి, వాళ్ల దీవెన నాకు అందించు. చంటిదానికి ముద్దులు. ఈసారి ఫోన్ చేసినప్పుడు మాత్రం బాగున్నావా అనకు. అన్నం తిన్నావా, ఏ కూరతో తిన్నావు, ఎంత తిన్నావు అని అడుగు. అప్పుడు తప్పించుకోలేను.

నీ చెల్లెలు
కుమారి