కోటు లేని ఫోటో

ఏమండీ,

ఎలా ఉన్నారని అడగను. మీరున్న చోట ఎండా వానా ఉండవంటారు. మరి మీకెలా తోస్తోందో... నా బెంగ అదొక్కటే. మీరు వెళ్ళి అయిదు నెలలైంది. మీ లెక్కలో చెప్పాలంటే రోహిణి కార్తెలో వెళ్ళారు, ఇప్పుడు స్వాతి నడుస్తోంది.

ఈ కార్తెల లెక్క నాకెప్పుడు అంటుకుందో తెలియదు. ముప్పై ఏళ్ళు ఆసుపత్రిలో నర్సుగా చేసినదాన్ని, డ్యూటీ చార్టు తప్ప నాకు వేరే కాలం తెలియదు. మీరేమో బడిలో లెక్కలు చెప్పి చెప్పి, రిటైరయ్యాక ఆ కెమెరా మెడలో వేసుకున్నారు. కార్తెకొకసారి తెనాలిలో రేపల్లె రైలెక్కడం, జంపనిలో దిగడం, అదే గట్టు మీద నిలబడి అదే వరిమడిని ఫోటో తీసుకురావడం. ఆ మడి మనది కాదు, అందులో మనకొచ్చే గింజ లేదు. అయినా పెళ్ళిచూపులకు వెళ్ళినట్టు ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళేవారు. మనసు పుడితే రేపల్లె దాకా పోయి, కెమెరా సంచిలో రొయ్యల పొట్లం పెట్టుకుని వచ్చేవారు. ఆ సంచి ఇంకా వాసనొస్తోంది.

ఎందుకండీ ఈ పిచ్చి అంటే, "నలభై ఏళ్ళు జవాబు తెలిసిన లెక్కలే చేయించాను రత్నం, ఇది జవాబు తెలియని లెక్క" అనేవారు. అప్పుడు విసుక్కున్నాను.

ఈ ఏడు కాలవలకు నీళ్ళు ఆలస్యంగా వదిలారు. నాట్లు ఆశ్లేష దాకా సాగాయట. పోయినేడు ఈ పాటికి కంకులు బయటికొచ్చాయి, ఇప్పుడింకా చేను పొట్ట మీదే ఉందని పాలావిడ చెప్పింది. ఆమెది జంపనే కదా. చిత్తలో ఒకరోజు తెనాలిలో మోకాటిలోతు వాన, జంపనిలో చుక్క లేదు. "చిత్త చినుకు తన చిత్తమున్న చోట పడుతుంది" అని మీరు నవ్వేవారు... సామెత ఇంకా పనిచేస్తోంది, కార్తెలే పని మానేస్తున్నాయి. కాలం పక్కకు జరుగుతోందని మీరు ఫోటోలు వరసగా పెట్టి చూపిస్తుంటే నేను చిక్కుడుకాయలు ఈనెలు తీసుకుంటూ ఊకొట్టాను. ఒక్కసారి తలెత్తి చూస్తే ఏం పోయింది?

అసలు సంగతికి వస్తాను. సమాధుల పండుగ దగ్గరికొచ్చింది. ఆ లోపు మీకు రాయి వేయించాలని మన సుజాత పట్టుబట్టింది. బాపట్లలో దాని ఇంటికి దగ్గర్లోనే ఒకాయన నల్లరాయి మీద మనిషి ముఖాన్ని చుక్కలు చుక్కలుగా చెక్కుతాడు. ఫోటో నేనే చూసి ఇస్తానమ్మా అంటే సరేనన్నాను. మన ఇంట్లో ఫోటోలకేం కరువు అనుకున్నాను.

సోమవారం బాపట్ల వెళ్ళి నమూనా చూశాను. నీలం కోటు, ఎర్ర టై... పైన మీ తల. ఏదో పెళ్ళిలో వెనక వరసలో నిలబడ్డ ఫోటోలోంచి తల తీసి, స్టూడియోవాళ్ళు కోటు తొడిగారు. జుట్టు కూడా నల్లగా చేశారు. ముందు నవ్వొచ్చింది. ఎవరింటికి పరామర్శకు వెళ్ళినా, గుమ్మం ముందు ఫ్లెక్సీ చూసి మీరు నా చెవిలో అనేవారు కదా, "బతికున్నప్పుడు ఊడిన గుండీ కుట్టరు గాని, పోయాక కోటు తొడుగుతారు" అని... ఆ గుండీ కుట్టనిది నేనే. నవ్వు ఆగిపోయింది.

వద్దన్నాను. సుజాత చిన్నబుచ్చుకుంది, నాన్న నిండుగా ఉన్నారు కదమ్మా అని దాని బాధ. రాయి చెక్కే ఆయన మాత్రం, ఒకసారి సూది పడితే చెరపడం కుదరదండి, వేరేది ఉంటే శనివారం లోపు ఇవ్వండి అన్నాడు.

ఇంటికొచ్చి మీ కంప్యూటరు తెరిచాను. తేదీలు లేవు, అన్నీ కార్తెలే. అశ్విని, భరణి, కృత్తిక... అలా ఎనిమిదేళ్ళు. ఈ ఏటి రోహిణితో ఆగిపోయాయి. ఆ చివరి ఫోటోలో నెర్రెలు తీసిన ఒట్టి మడి. అది తీసుకొచ్చి, మజ్జిగ తాగి పడుకున్నారు. మళ్ళీ లేవలేదు.

మూడు రోజులు వెతికాను. మడి ఉంది, గట్టు ఉంది, కొంగలున్నాయి, రేపల్లె స్టేషన్లో చేపల గంపలున్నాయి. నేనున్నాను... కూర తరుగుతూ, కళ్ళజోడు వెతుక్కుంటూ, కుర్చీలో నోరు తెరుచుకుని నిద్రపోతూ. ఎప్పుడు తీశారండీ అవన్నీ? మీరు మాత్రం ఎక్కడా లేరు. కెమెరా ఇలా ఇచ్చి అలా నిలబడండి అని ఇన్నేళ్ళలో నేనొక్కసారైనా ఎందుకు అనలేదు?

అన్నాను. ఒక్కసారి అన్నాను, మరిచిపోయాను. పోయినేటి స్వాతి ఫోల్డరులో దొరికింది. ఆ రోజు నేనూ మీతో జంపని వచ్చాను. "ముందు సగం నొక్కి ఆగు, అది నా మీద చూపు నిలుపుకుంటుంది, తర్వాత పూర్తిగా నొక్కు" అని పాఠం చెప్పారు. ఇంజెక్షన్లు చేసిన చెయ్యి, సగంలో ఆగడం ఎలా వస్తుంది? ఒక్కసారే నొక్కేశాను. మీరు ఆగమంటూ చెయ్యెత్తారు, అంతలోనే నవ్వొచ్చేసింది మీకు. ఫోటోలో అలాగే పడ్డారు. మీరంతా మసక, మీ వెనక కంకులు మాత్రం గింజ గింజా తేటగా ఉన్నాయి. "ఇది నా ఫోటో కాదు, వరి ఫోటో" అన్నారు. తీసేశారనే అనుకున్నాను. మీ ఫోటోలన్నిటికీ అంకెలే ఉన్నాయి, దీనికొక్కదానికే పేరు పెట్టారు... 'రత్నం తీసిన నేను' అని.

అక్కడ ఏడ్చానండి. మీరు పోయిన రోజు కూడా అంత ఏడవలేదు. ఆ రోజు వచ్చినవాళ్ళకు కాఫీలు చూసుకోవడంతోనే సరిపోయింది.

శుక్రవారం ఆ ఫోటో పట్టుకుని మళ్ళీ బాపట్ల వెళ్ళాను. ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని చాలాసేపు చూశాడు. ముఖానికి అంచు దొరకట్లేదమ్మా, ఊహించి చెక్కితే వేరే మనిషి వస్తాడు అన్నాడు. కంకులైతే గింజకు గింజ తేలుస్తానన్నాడు.

కంకులే చెక్కమన్నాను. కింద మీ పేరు, తేదీలు, అంతే.

సుజాత ఒప్పుకోలేదు. ముఖం లేని రాయి ఎవరిదని తెలుస్తుంది, పిల్లలకు తాతయ్య ఎలా గుర్తుంటాడు అంది. దాని మాటలోనూ తప్పు లేదు. రెండు రోజులుగా ఫోనులో ముక్తసరిగా మాట్లాడుతోంది. అన్నీ మీ పోలికలే, అలిగితే వారం పట్టాల్సిందే. నేను చేసింది తప్పేమో... మీకూ అందరిలాగే రాయి మీద ముఖం ఉండాలని ఉందా? ఉంటే నాకెలా చెబుతారు?

దానికి చెప్పలేని మాటొకటి మీకు చెబుతాను. రాయి మీద పెట్టలేక కాదు, పెట్టబుద్ధి కాలేదు. ఆ చెయ్యి ఎత్తింది నాకోసం, ఆ నవ్వు నా తొందర చూసి వచ్చింది. దారిన పోయేవాళ్ళకు దానితో ఏం పని? మీ కళ్ళకు నేనెలా కనిపించానో ఎన్ని వందల ఫోటోల్లోనో ఉంది. నా కళ్ళకు మీరెలా కనిపించారో ఈ ఒక్కదాంట్లోనే ఉంది. దీన్ని నేనే ఉంచుకుంటున్నాను.

పండుగ నాడు కొవ్వొత్తులు పట్టుకుని వస్తాం. సుజాతను కూడా తీసుకొస్తాను, అలక తీరినా తీరకపోయినా.

మీ
రత్నం