సర్వరుకు తెలియని బాలనాగమ్మ

గద్వాల,
శుక్రవారం.

యమునా,

అమ్రాబాద్‌లో నువ్వు కులాసాగా ఉన్నావనుకుంటాను. ఇక్కడ అమ్మా, పాపా బాగున్నారు. నేనూ బాగున్నానని రాద్దామనుకున్నాను గానీ చెయ్యి రాలేదు. నువ్వు పనిచేసే హాస్టల్ దగ్గర ఫోన్ కలవదు కనుక ఇదంతా కాగితం మీదే చెప్పాలి.

నువ్వు అడిగినవి ముందు. అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గింది. పాప ఏడవకుండానే బడికి పోతోంది. ధరూర్‌లో మామయ్య పత్తి ఏరడం మొదలుపెట్టాడు. "ఆదివారం కూడా ఆసుపత్రేనా, ఆ సర్వర్ నాకు సవతి అయింది" అని పోయిన ఉత్తరంలో దెప్పావు. నిజమే, పది రోజులు దానితోనే కాపురం చేశాను.

మా ఆసుపత్రిలో ప్రతి మిషన్‌కూ, ఫోన్‌కూ నెట్‌వర్క్‌లో చిరునామా ఇచ్చేది డీహెచ్‌సీపీ సర్వర్. అన్నీ ఒకే గుంపుగా ఉంటే ప్రమాదమని మూడు సబ్‌నెట్లు చేశాను. వార్డు మిషన్లకు ఒకటి, ఆఫీసుకు ఒకటి, రోగులతో వచ్చేవాళ్ల ఫోన్లకు ఒకటి. ఎవరు ఎటు పోవాలో తేల్చేది క్లయింట్ క్లాస్ అనే రూలు. పెళ్లి భోజనాల దగ్గర నిలబడి మగపెళ్లివాళ్లు ఇటు, ఆడపెళ్లివాళ్లు అటు అని పంపే మనిషిలాంటిది. మిషన్ పేరు 'వార్డు' అని మొదలైతే వార్డులోకి, 'ఆఫీసు' అని మొదలైతే ఆఫీసులోకి, మిగిలినవన్నీ ఫోన్ల వైపుకు అని రాశాను. ఫోన్ల వైపు నుంచి వార్డుకు దారి మూసేశాను.

మంగళవారం పట్టపగలు పసిపిల్లల వార్డులో ఒక బిడ్డ నీలంగా మారింది. పిల్లలు ఉలిక్కిపడతారని అక్కడ మిషన్ల మోత తగ్గించి పెడతారు. అసలు అలారం నర్సు బల్ల మీది తెరకు రావాలి. రాలేదు. బిడ్డ అమ్మమ్మ రాధమ్మ చూసి కేక పెట్టింది కాబట్టి బతికింది. ఇప్పుడు పాలు తాగుతోంది.

బల్ల దగ్గర ఉన్నది కుబ్రా బేగం. ఇరవై రెండేళ్ల సర్వీసు. పెద్ద డాక్టరు అందరి ముందూ "అలారం కొట్టినా లేవలేదంటే పండుకున్నవన్నట్టే గదా" అని డ్యూటీ నుంచి తీసేశాడు.

యమునా, ఇక దాచలేను. మన వైపు ఎవరేం దానం చేసినా ఫ్యాను మీద, బెంచీ మీద పేరు రాయిస్తాం కదా. ఆ వార్డు మానిటర్లు పెబ్బేరులోని ఒక కుటుంబంవాళ్లు తమ తల్లి బాలనాగమ్మ జ్ఞాపకంగా ఇచ్చినవి. నెట్‌వర్క్‌లో కూడా వాటి పేర్లు 'బాలనాగమ్మ' అనే మొదలవుతాయి. నా రూలుకు బాలనాగమ్మ ఎవరో తెలియదు. ఫోన్ల వైపు తోసేసింది. అక్కడి నుంచి నర్సు తెరకు దారి లేదు. బిడ్డను ఐసీయూకు తీసుకుపోయిన పది నిమిషాలకే సర్వర్ రాసుకునే లాగ్‌లో చూశాను. గుట్టుగా సరిచేశాను. "సిస్టం మంచిగుందా?" అని డాక్టరు అడిగితే "మంచిగనే ఉంది సార్" అన్నాను. ఆ మాట నా నోటి నుంచే వచ్చిందంటే నాకింకా నమ్మబుద్ధి కావడం లేదు.

నిన్న కుబ్రా బేగం తన సామాను తీసుకుపోవడానికి వచ్చి నా దగ్గర ఆగింది. "నాకైతే మోత వినబడలే బాబూ. కానీ అందరు గట్లనే అంటుండ్రు. నాకే కన్ను మూతపడిందేమో, ఎంత యాది చేసుకున్నా తెలుస్తలేదు" అంది.

ఆమెను అక్కడే కూర్చోబెట్టి, లాగ్ కాగితం తీసుకుపోయి పెద్ద డాక్టరుకు అంతా చెప్పాను. నా ఉద్యోగం సంగతి సోమవారం తేలుస్తారట. బయటికొచ్చి ఆమెకూ చెప్పాను. కొట్టినా పడదామనుకున్నాను. నా మొహంలోకే చూసి ఒక్క మాట అడిగింది.

"అంటే, నేను పండుకోలే గదా బాబూ?"

ఇట్లు,
నీ పెనిమిటి,
శ్రవణ్ కుమార్.