నెయ్యి లేని యాభై రోజులు

అడిస్ అబాబా,
ఈస్టరు వెళ్లిన ఐదో రోజు.

అత్తయ్యగారికి మోకాళ్లు ముద్దాడి కోడలు అసెలెఫెచ్ రాసేది:

ఇక్కడ అంతా క్షేమం. ఆయన క్షేమం. మీరెలాగూ రెండోసారి అడుగుతారు కాబట్టి మళ్లీ రాస్తున్నాను, ఆయన క్షేమం. పండగ బాగా జరిగింది. మీరు పంపిన నెయ్యి డబ్బా అందింది.

ఒక చిన్న సంగతి. ఉపవాసాల రోజుల్లో మీరు శనగపిండితో షిరో వండుతారు చూడండి, చుక్క నెయ్యి లేకుండా. కాపురానికొచ్చిన కొత్తలో తిన్నాను, ఆ రుచి ఇంకా నాలుక మీదే ఉంది. నేను వండితే మాత్రం గోడకి వేసే సున్నంలా తయారవుతోంది. మీ అబ్బాయి మూడు రోజుల్నించీ ముద్ద నోట్లో పెట్టుకుని నావంక చూస్తున్నారు. ఆ చూపు భరించలేకపోతున్నాను. నెయ్యీ నూనే లేకుండా మీరు రుచి ఎక్కడినించి తెస్తారు? వివరంగా రాయించండి. ఎందుకని మాత్రం అడక్కండి.

జవాబు పోస్టులో వెయ్యండి. ఆయన నడిపే బస్సులో పంపితే దారిలోనే విప్పి చదివేస్తారు.

మీ కోడలు,
అసెలెఫెచ్

తా.క.: నెయ్యి డబ్బా మూత తియ్యకుండా బీరువా మీద పెట్టేశాను. దయచేసి ఇంకోటి పంపకండి.

ఫినోటె సెలామ్,
బుధవారం.

కోడలు అసెలెఫెచ్‌ని దీవించి అత్త వొర్కినేష్ మెర్గేతా ఫెంటాగారి చేత రాయిస్తున్నది:

మెర్గేతాగారు మా గుడి పాఠాల పంతులు. కడుపులో మాట కడుపులోనే దాచుకునే మనిషి. నువ్వేం బెంగపడకు.

ముందు వంట చెబుతా, తరవాత ఏడుస్తా. ఉల్లిపాయలు సన్నగా తరిగి మట్టి కుండలో వెయ్యి. నూనె వద్దు. సన్న సెగ మీద కలుపుతూ ఉండు. అడుగంటబోతే చెంచాడు నీళ్లు పొయ్యి. మళ్లీ అంటబోతే మళ్లీ చెంచాడు. చెయ్యి పీకి ఎవర్నో ఒకర్ని తిట్టాలనిపించేదాకా కలుపు. అప్పటికి ఉల్లిపాయ ఎర్రబడి దానంతటదే తియ్యనవుతుంది. అప్పుడు బెర్బెరె కారం, అల్లం, వెల్లుల్లి, ఆ తరవాత శనగపిండి, దించేముందు నల్ల యాలకులు. రుచి నెయ్యిలో లేదమ్మాయ్, ఓపికలో ఉంది. అది నీకు లేదని పెళ్లినాడే అన్నాను.

ఇప్పుడు ఏడుస్తున్నా. ఈస్టరు తరవాత యాభై రోజులు బుధ, శుక్రవారాల్లో కూడా నెయ్యి, మాంసం మానక్కర్లేదు, ఉపవాసమన్న మాటే లేదు. మా పూజారిగారే ఎముక పట్టుకుని చీకే రోజులు. ఇలాంటి రోజుల్లో నా కొడుకు నెయ్యి మాని షిరో తింటున్నాడంటే నాకు తెలీదా? ఏదో ఘోరం చేసి, పాపాలు చెప్పుకునే గురువుగారి ముందు ఒప్పుకున్నాడు, ఆయన ప్రాయశ్చిత్తం వేశాడు. ఏం చేశాడే? డ్రైవరు బతుకు, ఎవర్నన్నా గుద్దాడా? నిన్న బస్సు ఇక్కడ భోజనాలకి ఆగినప్పుడు నిలదీశాను. తల వంచుకుని ఇంత పొడుగు నిట్టూర్పు విడిచాడు.

నిజం రాయి.

వొర్కినేష్

రాసినవాడి మాట: గాడిదను గుద్దితే ఇంత శిక్ష పడదు, మనిషిని గుద్దితే ఇంత తక్కువ పడదు. ఈ రెంటికీ మధ్య ఏముందా అని నేనూ నా భార్యా ఆలోచిస్తున్నాం. మరెవరికీ చెప్పలేదు.

అడిస్ అబాబా,
సోమవారం.

అత్తయ్యగారి మోకాళ్లకు వణుకుతూ ముద్దుపెట్టి అసెలెఫెచ్ రాసేది:

అయ్యో మరియమ్మ తల్లీ! మీ అబ్బాయి ఎవర్నీ గుద్దలేదు. కోడిని కూడా గుద్దలేదు. పాపం లేదు, ప్రాయశ్చిత్తం లేదు. అసలు సంగతి మీకు చెప్పకూడదని ఆయన నాచేత సువార్త పుస్తకం మీద ఒట్టు వేయించుకున్నారు. మీరు బెంగపడతారట.

నేను చెప్పగలిగింది ఇంతే: పండగనించి ఏడు వారాలు గడువిచ్చారు. ఆ తరవాత పిలిచి చూస్తారు. ఐదు కిలోలు దిగితే బస్సు ఆయనది. దిగకపోతే బస్సు తాళాలు ఇంకొకరికి. పదహారేళ్లనించి ఆ సీట్లో కూర్చున్న మనిషి, తాళాలిచ్చేసి ఇంటికొస్తే ఏమవుతారో!

మీ ఉల్లిపాయ పద్ధతి పనిచేసింది. ఆయన పళ్లెం తుడిచి తిన్నారు. మీ చెయ్యి మహిమ! మంగళ, శుక్రవారాలకి అదే డబ్బాలో కట్టి ఇస్తున్నాను. మీ ఇంటికొచ్చినప్పుడు కాఫీ తప్ప ఏమీ పెట్టకండి. అదీ చక్కెర లేకుండా.

అసెలెఫెచ్

తా.క.: శనివారం శనివారం ఆయన్ని బజారుకి తీసుకెళ్లి మిరపకాయలు తూచే కాటా మీద నిలబెడుతున్నాను. ఆయన ఎక్కగానే లేచే మిరప ఘాటుకి కాటావాడు ఆగకుండా తుమ్ముతున్నాడు, మా చుట్టూ జనం.

ఫినోటె సెలామ్,
ఆదివారం, పూజ అయ్యాక.

ధైర్యం తెచ్చుకోమని కోడలికి అత్త రాయిస్తున్నది:

గడువు, పిలిచి చూడటం, పాపం ఎన్ని కిలోలు దిగిందో కాటా వెయ్యడం! ఇంత గట్టి గురువుని ఎక్కడ పట్టారే? మిరపకాయల కాటా మీద పాపం తూచడం నా బతుకులో వినలేదు. కొత్తగా వచ్చిన పద్ధతై ఉంటుంది.

ఒట్టు తియ్యకు, నాకర్థమైంది. మెర్గేతాగారు పుస్తకాలన్నీ తిరగేసి, బిడ్డ ప్రాయశ్చిత్తం కన్నతల్లి మొయ్యొచ్చని చెప్పారు. అంచేత మొత్తం నా మీద వేసుకున్నాను. నెయ్యి మానేశాను, మాంసం మానేశాను. పొద్దున్నే గుళ్లో నలభై సాష్టాంగాలు. ఇక వాడి సంగతి నాకొదిలేసి నువ్వు నిశ్చింతగా ఉండు.

నేనొక్కదాన్నే తినకుండా కూర్చుంటే మా మరియమ్మ సంఘం ఆడవాళ్లు ఊరుకుంటారా? పదకొండుమందీ నాతోపాటు మానేశారు. దాంతో పూజారిగారికి కోపమొచ్చింది. "సంతోషించాల్సిన రోజుల్లో ఉపవాసమేంటమ్మా, ఎవరు చేసిన పాపానికి?" అని గుడి మెట్ల మీద అందరిముందూ అడిగేశారు. కొడుకు పేరు చెప్పడానికి నాకు నోరు రాలేదు. నీ పేరు చెప్పాను. ఏమనుకోకు. నువ్వు ఊళ్లో ఉండేదానివి కాదుగదా.

వొర్కినేష్

రాసినవాడి మాట: తల్లి మొయ్యొచ్చని ఏ పుస్తకంలోనూ లేదు. కాని అడిగినప్పుడు ఆవిడ చేతిలో రోకలి ఉంది. ఇంకోటి, నీ పాపం ఏమిటన్నదాని మీద ఊరు రెండుగా చీలింది. అత్తని తిట్టావని కొందరు, ఈస్టరు ముందు పెద్ద ఉపవాసాల్లో దొంగచాటుగా నెయ్యి తిన్నావని కొందరు. నెయ్యివాళ్లదే పైచెయ్యిగా ఉంది.

అడిస్ అబాబా,
శనివారం, కాటా దగ్గర్నుంచి రాగానే.

అత్తయ్యా,

మోకాళ్లు తరవాత ముద్దాడతాను. నా పేరు చెప్పారా! పెద్ద ఉపవాసాల్లో నేను నెయ్యి తిన్నానా! మీ ఊళ్లో ఇక తలెత్తుకుని ఎలా నడవను?

ఒట్టు తీసి గట్టున పెడుతున్నాను, దేవుడు నన్ను క్షమించుగాక. గురువూ లేడు, పాపమూ లేదు. డాక్టరు ఉన్నాడు. బస్సు కంపెనీవాళ్లు డ్రైవర్లందరికీ పరీక్షలు చేయించారు. మీ అబ్బాయికి రక్తపోటు ఎక్కువ, ఒళ్లు ఎక్కువ. ఐదు కిలోలు తగ్గి, పోటు దిగితేనే స్టీరింగు ముట్టుకోనిస్తామన్నారు. నెయ్యి మాన్పించింది అందుకు. అంతే!

అంతే అన్నానుగాని నాకు ఏడుపాగడం లేదు. నాలుగు వారాలు గడిచాయి. పొయ్యి దగ్గర నిలబడి నిలబడి నా మోచెయ్యి వాచింది. క్యాబేజీ, కందిపప్పు, గుమ్మడికాయ, అన్నీ చుక్క నూనె లేకుండా కమ్మగా వండి పెడుతున్నాను. ఆయనా వంక పెట్టకుండా తింటున్నారు, కట్టిచ్చిన డబ్బా ఖాళీగా తిరిగొస్తోంది. మరి ఈరోజు కాటా ఎక్కితే అరకిలో పెరిగారు! పెరిగారత్తయ్యా! నీళ్లు తాగితే ఒళ్లొస్తుందా ఎవరికైనా? ఇంకా మూడు వారాలే ఉంది. నా వంటలోనే ఏదో తప్పుంది. మీరే చెప్పండి, నేనేం తప్పు చేస్తున్నాను?

అసెలెఫెచ్

తా.క.: నా పాపం వెంటనే వెనక్కి తీసుకోండి. పన్నెండుమంది ముందూ, గుడి మెట్ల మీదే.

ఫినోటె సెలామ్,
శుక్రవారం, బస్సు కదిలాక.

కోడలా, నా బంగారమా,

నీ వంటలో తప్పు లేదు. తప్పు మా ఇంట్లో ఉంది. నీ ఉత్తరం మెర్గేతాగారి చేత రెండుసార్లు చదివించుకున్నాను.

వాడి ప్రాయశ్చిత్తం నేను నెత్తినేసుకున్నానా? ఇక వాడు తినడానికి అడ్డేముంది అనుకున్నాను. మంగళవారం పుట్టెడు నెయ్యి పోసిన కోడి పులుసు, ఎనిమిది గుడ్లు. శుక్రవారం వేట మాంసం. రాకరాక వచ్చే బిడ్డ కాదు, వారానికి రెండుసార్లు వచ్చే బిడ్డ! ఒక్కసారన్నా "వద్దమ్మా" అన్నాడా? లేదు. "నీ ఇష్టం కాదనలేనమ్మా" అని పళ్లెం జరిపేవాడు. నువ్వు కట్టిన డబ్బా నేను తినేదాన్ని, ఉపవాసం నాది కదా.

ఇవాళ బస్సు ఆగగానే వాడి చెవి పట్టుకుని లోపలికి లాక్కొచ్చాను.

"ఒరే, నువ్వు చేసిన పాపమేంట్రా?"

"పాపమని నేనెప్పుడన్నానమ్మా? నువ్వే అన్నావు. నేను నిట్టూర్చానంతే."

"ఎందుకు నిట్టూర్చావురా?"

"ముందురోజు షిరో తిన్నానమ్మా."

విన్నావా! తల్లి కడుపు మాడ్చి, పెళ్లాన్ని ఏడిపించి, కోళ్లు తిన్నాడు. నా రెండు కోళ్లు! తాళాలు పోతాయన్న భయం లేదట్రా అంటే మాత్రం కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. "ఉందమ్మా, అందుకే ఎక్కువ ఆకలేస్తోంది" అన్నాడు. నాకూ ఏడుపొచ్చింది. కాని ఏమీ పెట్టలేదు.

చెవి వదలకుండా పూజారిగారి దగ్గరికి తీసుకెళ్లాను. ఇప్పుడు వాడికి నిజం పాపమే ఉంది, నిజం ప్రాయశ్చిత్తమే పడింది. మీ ఇంట్లో ఏది పెడితే అదే మా ఇంట్లోనూ. బస్సు ఆగిన ప్రతిసారీ గుడి ఆవరణలో నలభై సాష్టాంగాలు. ఇవాళ ప్రయాణికులందరూ చుట్టూ చేరి లెక్కపెట్టారు. ఇరవై ఏడు దగ్గర ఒక పెద్దాయన లెక్క తప్పితే మళ్లీ ఒకటినించి మొదలెట్టించారు.

ఇంకో మాట. నీకు వంట రాదని ఇన్నేళ్లూ ఊరంతా చెప్పుకు తిరిగాను. రెండు వారాలు నీ డబ్బా తిన్నాక అలా అనడానికి నోరు రావడం లేదు. ఆ గుమ్మడికాయ కూర నా చేతికి కూడా రాదు. మోకాళ్ల నొప్పి పోయింది. గౌను రెండుసార్లు కుట్టించి బిగించుకున్నాను. గుడి మెట్ల మీద పన్నెండుమంది ముందూ నీ పాపం కొట్టేయించాను.

నీ అత్త,
వొర్కినేష్

రాసినవాడి మాట: మంగళవారాల్లో మిగిలిన కోడి పులుసు నా ఇంటికి వచ్చేది. నా పాపం కూడా ఇందులో కలిపి చదువుకోగలవు.

అడిస్ అబాబా,
యాభై రోజులు ముగిసి అపొస్తలుల ఉపవాసం మొదలైన రోజు.

అత్తయ్యగారికి రెండు మోకాళ్లూ మనసారా ముద్దాడి అసెలెఫెచ్ రాసేది:

గెలిచారు! మొన్న పిలిచారు. ఆయన బూట్లు విప్పారు, బెల్టు విప్పారు, జేబులో చిల్లర తీసి నాకిచ్చారు. మెడలో సిలువ కూడా తియ్యబోతే డాక్టరే "అది ఉండనివ్వయ్యా" అన్నాడు. నేను తలుపు సందులోంచి చూస్తూ మరియమ్మకి ఎన్ని మొక్కులు మొక్కానో లెక్కలేదు. ఐదు కిలోల పైన ఇంకో పావుకిలో తగ్గారు. పోటు దిగింది. తాళాలు ఆయన చేతిలో పెట్టారు. బయటికొచ్చి బస్సు ముందు అద్దానికి ముద్దుపెట్టారు, నాకు తరవాత పెట్టారు. ఇదంతా మీ సాష్టాంగాల చలవ.

ఇక అసలు సంగతి. నిన్న, ఉపవాసం మొదలయ్యేముందు, ఒక్క పూట పండగ చేసుకుందామన్నారు. "అమ్మ పంపిన నెయ్యి డబ్బా దించు, ఒక్క చెంచా" అన్నారు. నేను వినపడనట్టు ఉల్లిపాయలు తరుగుతూ ఉన్నాను. ఆయనే కుర్చీ ఎక్కి దించారు. డబ్బా తేలిగ్గా లేచొచ్చింది.

ఏం చెప్పమంటారత్తయ్యా? ఆయన బస్సెక్కి వెళ్లిపోయాక ఇంట్లో ఒక్కదాన్నే. తాళాలు పోతాయేమోనని ఒకటే దిగులు. దిగులుకి నిద్ర పట్టేది కాదు, ఏ పనీ తోచేది కాదు. మొదటి రోజు వాసన చూద్దామని మూత తీశాను. రెండో రోజు వేడి ఇంజెరా రొట్టె మీద కొంచెం. ఆయన అరకిలో పెరిగిన వారం సగం డబ్బా అయిపోయింది. మొన్న ఆయన దిగాక నేనూ మిరపకాయల కాటా ఎక్కాను. ఆయన పోగొట్టుకున్నవి ఎక్కడికీ పోలేదు, అన్నీ ఇంట్లోనే ఉన్నాయి.

ఆయన ఖాళీ డబ్బా వంకా, నా వంకా చూశారు. ఇంత పొడుగు నిట్టూర్పు విడిచారు.

మీ కోడలు,
అసెలెఫెచ్

తా.క.: మీరు గుడి మెట్ల మీద కొట్టేయించిన నా పాపం మళ్లీ రాయించండి. నెయ్యివాళ్లు చెప్పిందే నిజం, రోజులొక్కటే తప్పు.