బడి పుట్టిన కొట్టం ఎవరికి

ఊళ్ళో అందరూ పాలమ్మ అని పిలిచే నేను, వయసు డెబ్బై ఆరు, కాలం చేసిన పాల వ్యాపారి భార్యను. నా ఇంటి వరండాలో కూర్చుని దస్తావేజు లేఖరి చేత ఈ వీలునామా రాయిస్తున్నాను. మోకాళ్ళు చెడ్డాయి గాని మతి చెడలేదు. నన్ను ఎవరూ బెదిరించలేదు. నన్ను అడగకుండా ఇచ్చేసిన వాళ్ళున్నారు, వాళ్ళ సంగతి కింద వస్తుంది. నేను ఉన్నన్నాళ్ళూ నా ఆస్తి నాదే. నా తరువాత ఇందులో రాసినట్టు జరగాలి. ఇంతకు ముందు నేను ఏ వీలునామా రాయలేదు.

అమలు బాధ్యత రిటైరైన పశువుల డాక్టరు గారికి అప్పగిస్తున్నాను. గేదెల దగ్గర ఆయనకు ఎంత ఓపికో మనుషుల దగ్గర అంత కోపం. నా కొడుకుల విషయంలో నాకు కావలసింది ఆ రెండోదే.

1. నేనుంటున్న ఇల్లు ఇద్దరు కొడుకులకూ చెరిసగం. మధ్యలో గోడ పెట్టుకుంటారో, కలిసి ఉంటారో వాళ్ళ ఇష్టం. కొట్టుకుంటే ఊరు నవ్వుతుంది. చూడటానికి నేనుండను కాబట్టి నాకు బెంగ లేదు.

2. పెద్ద కోడలికి నా బంగారు గొలుసు. ఆమె మొగుడు ఒకరోజు నా ముందు ఒక మాట అంటే, కాదనలేక, అవుననలేక తల దించుకుంది. ఆ తల దించుకోవడానికి ఇస్తున్నాను. ఆ మాటేమిటో నాలుగో క్లాజులో ఉంది.

3. నా తమ్ముడికి నా రేడియో, నా ఉన్ని దుప్పటి. రేడియో ఎంత పెద్దగా పెట్టుకున్నా ఎవరూ తగ్గించమనకూడదు. నాకొచ్చిన నాలుగు అక్షరాలు వాడు నేర్పినవే. బడి నుంచి వచ్చి, చితుకుపుల్లతో నేల మీద రాసి చూపించేవాడు.

4. గొడ్ల కొట్టం, దాని పక్క గది, చుట్టూ ఉన్న జాగా, నీళ్ళ తొట్టి, గేదెలు. ఇది మా అమ్మమ్మది. అమ్మమ్మ అమ్మకిచ్చింది, అమ్మ నాకిచ్చింది. మగవాళ్ళ చేతికి ఎప్పుడూ పోలేదు. ఎవరికన్నది చెప్పే ముందు బడి సంగతి చెప్పాలి. ఊళ్ళో చర్చి ఫాదర్లు నడిపే మగపిల్లల బడి నూరేళ్ళ సంచికలో దాని చరిత్ర అచ్చు వేశారు. బడి మొదట 'ఒక పాడుబడిన పాకలో' మొదలైందట. పాడుబడలేదు. అందులో గేదెలున్నాయి.

జరిగింది ఇది. మొదటి ఫాదరు సైకిలు మీద వచ్చి బడి పెడతానంటే చోటిచ్చిన వాళ్ళు లేరు. అమ్మమ్మ గేదెలను ఆరుబయట కట్టేసి కొట్టం ఇచ్చింది. పొద్దున్నే ఆమె పేడ ఎత్తితే, ఆయన అంగీ పైకి దోపుకుని నేల అలికేవాడట. ఆరాక పిల్లలు కూర్చునేవారు. మంచి మనిషని అమ్మమ్మ చెప్పేది, నేను కాదనను. మా పిల్లను కూడా కూర్చోబెట్టండని ఆమె అడిగితే, ఇది మగపిల్లల బడి, ఆడపిల్లల కోసం సిస్టర్లు వస్తారు అన్నాడట. ఇంకా రాలేదు. దారిలో ఉన్నారేమో.

రెండు వానాకాలాలు గడిచాక బడి రాతి భవనంలోకి మారింది. పోతూ పోతూ కొట్టం తలుపు కూడా పీక్కుపోయారు. ఇప్పుడది హెడ్మాస్టరు గదిలో అద్దాల బీరువాలో ఉంది. దాన్ని చూడాలంటే చెప్పులు బయట విడవాలట.

తరువాత వచ్చిన ఫాదర్లలో ఒకాయనకు తెల్లరుమాలు ఫాదరని పేరు. పిల్లల మధ్య నడిచేటప్పుడు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకునేవాడు. ప్రతి సోమవారం వాసన వరస అని పెట్టాడు. పిల్లలు చేతులు చాచి నిలబడితే, ఆయన వంగి వాసన చూసేవాడు. కంపు కొట్టిన వాళ్ళు ఆ రోజంతా వెనక వరండాలో నిలబడాలి. బట్టల కొట్టు వాళ్ళ పిల్లలు అక్కడ ఎన్నడూ నిలబడలేదు. నా తమ్ముడు పాలు పితికి, ఇళ్ళకు పోసి, అప్పుడు బడికి వెళ్ళేవాడు. ఎంత సబ్బు రుద్దినా గేదె వాసన గోళ్ళలో ఉంటుంది. ఆ పాలు తాగేవాళ్ళకు ఈ సంగతి తెలియదు. ఏడో తరగతిలో ఒక సోమవారం వాడు, "ఫాదర్, ఈ బడి పుట్టింది మా పేడలోనే కదా" అన్నాడు. వెటకారం కాదు. ఇంట్లో విన్నది చెప్పాడు. ఫాదరు రుమాలు జేబులో పెట్టుకుని కొట్టాడు. ఎడమ చెవి ఆ పూటే పోయింది.

మా నాన్న బడికి వెళ్ళి, ఎదురు ఆయనకే క్షమాపణ చెప్పి వచ్చాడు. తమ్ముడు మళ్ళీ బడి గడప తొక్కలేదు. పెళ్ళి వద్దన్నాడు. కొట్టం పక్క గదిలో ఉంటాడు. గేదె ఈనేటప్పుడు ఊళ్ళో ఎవరికైనా వాడు కావాలి. మిగతా రోజుల్లో ఎవరికీ అక్కర్లేదు.

పోయిన నెల పాత విద్యార్థుల సభలో, దానికి అధ్యక్షుడైన నా పెద్ద కొడుకు లేచి, మా కొట్టాన్ని బడికి స్మారకంగా ఇస్తున్నామని ప్రకటించాడు. నన్ను అడగలేదు. పాలు పోయించుకునే కుట్టుపని ఆవిడ చెబితే తెలిసింది. మర్నాడు ఇప్పటి ఫాదరును వెంటబెట్టుకుని నక్షాతో ఇంటికొచ్చాడు. నేలకు టైల్స్, చుట్టూ అద్దాలు, మూలన ఒక సిమెంటు గేదె. ఉన్న గేదెలను తోలేసి సిమెంటు గేదెను కట్టేస్తారన్నమాట. పైన తెల్లరుమాలు ఫాదరు పేరు, కింద 'శుభ్రత నేర్పిన గురువు' అని. ఆ నక్షా చూస్తే నాకు అసహ్యం వేసింది. బుద్ధెరిగినప్పటి నుంచి పేడ ఎత్తుతున్నాను, ఏనాడూ వేయలేదు.

చిన్న కోడలు కాఫీ గ్లాసులు పెడుతూ, "మరి మామయ్యని ఎక్కడ కట్టేస్తారు బావగారూ?" అని అడిగింది. తమ్ముడికి ముసలివాళ్ళ ఆశ్రమంలో మంచం మాట్లాడాననీ, అక్కడ వేళకు తిండి పెడతారనీ పెద్దవాడు చెప్పాడు. పెద్ద కోడలు తల దించుకున్నది అప్పుడే. చిన్నవాడు, ఊరికే ఎందుకిచ్చావన్నా అని మాత్రం అడిగాడు. వాడి బాధ అది.

గుమ్మంలో నిలబడ్డ తమ్ముడు, "గేదెలెక్కడ పడుకుంటాయి రా?" అన్నాడు.

"మామయ్యకి సరిగా వినబడదు లెండి ఫాదర్" అన్నాడు పెద్దవాడు.

"కుడి చెవి బాగానే ఉంది రా. ఆయన కొట్టింది ఎడం చెవి మీద."

ఫాదరు నక్షా చుట్టేశాడు. నా కొడుకు మళ్ళీ విప్పాడు.

కాబట్టి ఈ కింది విధంగా రాయిస్తున్నాను.

(అ) నా తమ్ముడు బతికున్నంత కాలం కొట్టంలోనూ, పక్క గదిలోనూ ఉండే హక్కు వాడిది. ఎవరూ కదిలించకూడదు, వాడి మంచి కోసమైనా సరే.

(ఆ) ఆ హక్కుకు లోబడి, కొట్టం, గది, జాగా, తొట్టి, గేదెలు సర్వహక్కులతో నా చిన్న కోడలివి. నా చిన్న కొడుకువి కావు. అవసరమొస్తే ఆమె ఎవరికైనా అమ్ముకోవచ్చు, బడికి తప్ప. ఆ షరతు చట్టం ముందు నిలవకపోవచ్చని లేఖరి అంటున్నాడు. షరతు నిలవకపోయినా ఆమె నిలుస్తుంది, రాయమన్నాను.

5. బడికి ఏమీ లేదు. ఇచ్చింది చాలు. సిమెంటు గేదెకు బయానా ఇచ్చేశారని విన్నాను. దాన్ని వాళ్ళ వెనక వరండాలో, పిల్లలను నిలబెట్టిన చోట పెట్టుకోవచ్చు. అది కంపు కొట్టదు.

6. పెద్ద కొడుక్కి ఇంటి వాటా కాక నా పడక కుర్చీ. వాడు చెడ్డవాడు కాదు. పదిమంది చప్పట్లు కొడితే చేతిలో ఏముందో చూసుకోకుండా ఇచ్చేస్తాడు. ఆ కుర్చీ వాళ్ళ నాన్నది. వరండాలో వేసుకుని, సభలు లేని సాయంత్రాలు కూర్చోవాలి.

7. నన్ను సాదా పెట్టెలో పెట్టి, మా అమ్మ పక్కన పూడ్చాలి. ఫాదరు వచ్చి ప్రార్థన చెబితే సంతోషం. దేవుడితో నాకు తగాదా లేదు. బడి బ్యాండు మాత్రం రాకూడదు.

8. ఇంతవరకు రాశాక లేఖరి చేత తమ్ముడికి చదివించాను. వాడు కుడి చెవి ఇటు తిప్పి అంతా విన్నాడు. తన హక్కు సంగతి పక్కన పెట్టి, "అక్కా, వానొస్తే బడి పిల్లలు కొట్టంలోకి పరిగెత్తుకొస్తారు. వాళ్ళని పొమ్మనొద్దని కూడా రాయించు" అన్నాడు.

ఆ బడి అంటే నాకు అసహ్యం, అది తగ్గలేదు. వీడికి లేకపోవడం నాకు నచ్చలేదు, ఆ మాట వాడితోనూ అన్నాను. నవ్వి బయటికి వెళ్ళిపోయాడు. అయినా వాడుండే చోటు గురించి వాడి మాట చెల్లాలి కాబట్టి ఈ క్లాజు చేరుస్తున్నాను. కొట్టం ఎవరి చేతిలో ఉన్నా, వాన కురిసినంతసేపు ఏ పిల్లవాడైనా అందులో నిలబడవచ్చు. ఎవరింటి వాడివని అడగకూడదు. చోటు చాలకపోతే గేదెలు వాటంతట అవే కాస్త జరుగుతాయి.

ఇందులో రాసిందంతా నేను చెప్పిందే. చదివించుకుని, సరిగ్గా ఉందని ఒప్పుకుని, ఈ కింది ఇద్దరూ చూస్తుండగా సంతకం పెడుతున్నాను.

రెండు వేల పదిహేను, జూలై పదకొండు, శనివారం.

(సంతకం) పాలమ్మ

సాక్షులు:
1. ఎదురింటి కుట్టుపని ఆవిడ
2. మూలమలుపు దగ్గర సైకిళ్ళు బాగుచేసే అతను

రాసినది: దస్తావేజు లేఖరి