బిళ్ళల పలక మీద ఒక ప్రోగ్రాం

పై లోకపు షిఫ్టులో ఉన్న తాతకు గనుల ఊరు మారికుప్పం నుంచి మనవడు విన్నవించేది:

నువ్వు పోయిన ఏడాదికి నా ల్యాప్‌టాప్‌కు క్రమశిక్షణ వచ్చింది. ఏ సాఫ్ట్‌వేర్ ఎందుకు ఎక్కించానో ఒకే జాబితాలో రాస్తున్నాను. అందులో లేనివాటిని, సాఫ్ట్‌వేర్లను ఎక్కించి దించే ప్యాకేజీ మేనేజర్ నన్నడిగి తీసేస్తుంది. ఈ తెలివి మీ గనిదే. గనిలోకి దిగే ప్రతి మనిషీ పలకకు తన నంబరు బిళ్ళ తగిలించి, పైకొచ్చాక తీసుకోవాలి కదా. "బిళ్ళ లేకపోతే ఎవుడు పైకి రాలేదో యాడ తెలుస్తాదిరా?" అనేవాడివి.

నిన్న అది ఒక ప్రోగ్రాం చూపించి, ఇది ఎవరికీ అక్కర్లేదు, తీసేయనా అని అడిగింది. నీ కళ్ళు మసకబారాక పేపరు చదివి వినిపించడానికి ఎక్కించింది అది. దాని గొంతు విని నువ్వు, "ఈయప్పకు జలుబు చేసిండాది, ఇంగ రెస్టు ఇవ్వురా" అన్నావు.

తీయొద్దని చెప్పి దాని పేరు జాబితాలోకి ఎక్కించాను. ఎందుకు అన్నచోట ఇలా రాశాను: తాతకు పేపరు చదవాలి.